వదిన ఆది జాకెట్లు తిరిగిచ్చేసిన ఏడాది

నిన్న మధ్యాహ్నం పాపని ఒళ్లో వేసుకుని జోకొడుతుంటే, విజయనగరంలో మేముండే సందులోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ఉచిత శిక్షణ, ఉచిత భోజనం, వసతి, శిక్షణ పూర్తవగానే ఉద్యోగం అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ వీధి చివరిదాకా వెళ్లింది. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది. దాన్ని భుజాన వేసుకుని ఊరుకోబెడుతున్నానే గానీ, నా చెవులు మాత్రం ఆ ఆటో వెనకాలే పోయాయి. మా ఆయన కాంట్రాక్టు ఉద్యోగం ఈ సంవత్సరంతో ఆఖరని వాళ్ల ఆఫీసులో చెప్పేశారు. హైదరాబాదో బెంగుళూరో వెళ్లిపోదామని ఆయనంటున్నారు. నాకిక్కడే ఏదో ఒక పని దొరికితే ఇల్లు కదిలించక్కర్లేదు కదా, పాపకి జ్వరమొస్తే పక్కన మనవాళ్లుంటారు కదా అని నా ఆశ. ఆ ఆశే నాకు కోపం కూడా తెప్పించింది, ఎందుకంటే ఆ మైకు మాటలు నేను వినడం ఇది మొదటిసారి కాదు.

పాప ఇప్పుడే నిద్రపోయింది. మళ్లీ లేచేలోపల రాసేద్దామని కూర్చున్నాను. నా ఈడువాళ్లు, డిగ్రీ చేతపట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా చదివితే, ఇందులో చాలాభాగం వాళ్లకి కొత్తగా ఉండదు.

నా డిగ్రీ అయిన ఏడాదే శృంగవరపుకోటకి దగ్గరలో ఉన్న మా ఊరికి ఇలాంటి ఆటోయే వచ్చింది. రెడీమేడ్ బట్టల కంపెనీ రాబోతోందని, దానికోసం గ్రాంటు మంజూరయిందని, ఆడవాళ్లకి ముందుగానే మిషను పని నేర్పి అందులోనే ఉద్యోగాలిస్తారని చెప్పారు. ఒట్టి మాటలయితే ఎవరూ నమ్మేవారు కాదేమో గానీ, రోడ్డు పక్కన నిజంగానే ఇనుప స్తంభాలు లేచాయి, వాటి మీద నీలం రేకులు పడ్డాయి, రోజూ బస్సులో పోయేవాళ్లందరూ మెడలు తిప్పి ఆ షెడ్డుని చూశారు.

అందరికంటే ఎక్కువ నమ్మింది మా వదిన, మా అన్నయ్య భార్య. అప్పటికి మా మేనకోడలు ఇంకా పాలు తాగే బిడ్డ. అన్నయ్య హైదరాబాదులో సెంట్రింగు పనికి వెళ్లేవాడు, ఉడుపులకీ కోతలకీ మాత్రం వచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ బిడ్డ అతన్ని కొత్త మనిషిలా చూసి ఏడ్చేది. ఆ ఏడు ఉడుపులకి వచ్చినప్పుడు షెడ్డు చూసి వచ్చి, అన్నం ముందు కూర్చుని అన్నాడు: "కంపినీ ఒచ్చీసిందంటే నాను మరి ఎల్లను. ఉన్న సెక్కముక్క దున్నుకుంటాను, నీ జీతం ఉంటాది. సాలదేటి?" ఆ పూట వదిన అతనికి అన్నం రెండోసారి కొసరి కొసరి వడ్డించింది.

వదినకి కుట్టుపని కొత్త కాదు. మా అరుగు మీద తొక్కుడు మిషను పెట్టుకుని ఊళ్లో సగంమంది జాకెట్లు తనే కుట్టేది. మా వైపు కొలతలకి టేపు పట్టించుకోవడమంటే ఆడవాళ్లకి సిగ్గు, చిరాకు కూడాను. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కుట్టేమనిషి దగ్గర పడేసి, ఇదే ఆది అని చెప్పి వెళ్లిపోతారు. నమ్మకమున్న చోట ఆ ఆది జాకెట్టు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. వదిన ట్రంకుపెట్టెలో అలాంటివి మడతల మీద మడతలుండేవి. ఏది ఎవరిదో వాసన చూసి చెప్పేస్తానని వేళాకోళమాడేది.

శిక్షణ మొదలయ్యే ముందు వదిన చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నా మనసు అదోలా అయిపోతుంది. కంపెనీలో చేరాక ఊరి బట్టలు కుట్టడానికి తీరిక ఎక్కడుంటుంది, నమ్ముకున్నవాళ్లని తిప్పించుకోకూడదు అని, ఆది జాకెట్లన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, బిడ్డని నా చంకకిచ్చి, ఇల్లిల్లూ తిరిగి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. మిషనుని పక్క ఊళ్లో ఉన్న చెల్లెలికి పంపేసింది. పక్కింటి అత్త తన జాకెట్టు అందుకుంటూ వాకిట్లోంచే అరిచింది: "ఓలమ్మో, కంపినీ దొరసానివైపోనావేటే! మరి నా జాకిట్టు ఎవులు కుడతారు?" వదిన తక్కువ తిందా, "సొక్కాలు కుట్టడం రానీ అత్తా, నీకూ ఒకటి కుడతాను, ఏసుకుని సంతకెల్దువు గాని" అంది. వీధంతా నవ్వింది.

బిడ్డని ఇంట్లో వదిలి, శృంగవరపుకోటలో పెట్టిన శిక్షణ కేంద్రంలో నేనూ వదినా కలిసే చేరాం. మోటారు మిషన్లు, తెల్లటి ట్యూబులైట్లు, తలకి టోపీలు. నేర్పడానికి ఎక్కడో దక్షిణాది నుంచి ఒక మాస్టారొచ్చాడు. మొదటి రోజే అందరినీ వరసగా కూర్చోబెట్టి, కంపెనీలో ఒక మనిషి ఒకటే ముక్క కుడుతుంది, మొత్తం చొక్కా నేర్చుకుంటే చేతివేగం పోతుంది అని చెప్పాడు. నాకు జేబు వచ్చింది, వదినకి కాలరు. శిక్షణ అయ్యేదాకా నేను జేబు, వదిన కాలరు. బట్ట ఖర్చు ఎక్కువని, ఉదయం కుట్టిన జేబుని సాయంత్రం మేమే బ్లేడుతో విప్పి, మర్నాడు మళ్లీ అదే జేబుని అదే గుడ్డకి కుట్టేవాళ్లం. గుడ్డ జల్లెడైపోయేది. మొత్తం జాకెట్టు కంటికొలతతో కత్తిరించగల మనిషిని తెచ్చి కాలరు దగ్గర కట్టేశారేమిటని నాకు లోపల మండేది. వదిన మాత్రం కంపెనీ అంటే ఇలాగే ఉంటుందిలే పిల్లా అనేది. పాలు చేపుకొచ్చి ముందు తడిసిపోతే పైట సర్దుకుని, మిషను మీదకి ఇంకా వంగి కూర్చునేది. అప్పుడు నాకది కొంచెం నవ్వులాట, ఈరోజు కాదు.

ఫ్యాక్టరీ ఎప్పుడని అడగని రోజు లేదు. మేం అడగడం, షెడ్డయిపోయింది కదమ్మా, మిషన్లు రావడమే తరువాయి అని మాస్టారు చెప్పడం. ఆఖరి రోజు శిక్షణ కేంద్రం మేనేజరు వచ్చి సర్టిఫికెట్లు పంచి, ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నాయి, తమిళనాడులో అన్నాడు. వదినే లేచి నిలబడి "మరి మన షెడ్డో?" అని అడిగింది. అతను చెడ్డవాడేం కాదు, విసుక్కోకుండానే చెప్పాడు: నేర్పడానికి ఒక గ్రాంటు, పరిశ్రమ పెట్టడానికి ఇంకో గ్రాంటు, మొదటిది వచ్చింది, రెండోదానికి వస్తామన్న కంపెనీ రాలేదు. వచ్చిన గ్రాంటు ఖర్చవ్వాలి కాబట్టి నేర్పేశారు. మా తర్వాత ఇంకో బ్యాచి కూడా అవే మిషన్ల మీద అవే జేబులు కుట్టి విప్పింది.

పెళ్లికాని వాళ్లు కొందరు వెళ్లారు. మా నాన్న నన్ను పంపలేదు. వదినకి, పెళ్లయినా పర్లేదు గానీ హాస్టల్లో పిల్లల్ని ఉంచరని చెప్పారు. "అయితే గుంటనెక్కడెట్టీమంటారు బాబూ?" అని వదిన అడిగితే మేనేజరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

సరే, పోయిందేముంది, మళ్లీ జాకెట్లు కుడదువు గాని అని ఇంట్లో అందరం అన్నాం. ఆ మాట అనడం మాకు తేలిక. చెల్లెల్ని మిషను వెనక్కి అడగొచ్చు, ఆది జాకెట్లు ఎలా అడగడం? ఇల్లిల్లూ తిరిగి నవ్వుతూ ఇచ్చినవి, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ తెచ్చుకోవాలి. ఒకరోజు నన్ను తోడు తీసుకుని పక్కింటి అత్త గుమ్మం దాకా వెళ్లింది. అత్త ఆనాడు వేళాకోళమేమీ ఆడలేదు, నిజంగానే ఆశపడుతూ అడిగింది: "ఏటే, కంపినీ ఎప్పుడు తెరుస్తారంట? మా సిన్నదాన్ని కూడా ఏసుకుంటారేటి?" వదిన నావైపు చూడకుండా, "తెరుస్తారత్తా, మిషన్లు వస్తన్నాయంట" అంది. అంతే, వెనక్కి వచ్చేశాం. దారిలో "ఏ మొకం ఎట్టుకుని అడగనే పిల్లా" అని ఒక్క మాట అంది.

ఆ ఏడు కోతలయ్యాక అన్నయ్య మళ్లీ హైదరాబాదు బయలుదేరాడు. ఈసారి వదిన, బిడ్డ కూడా వెళ్లారు. కట్టే అపార్టుమెంట్ల పక్కన రేకుల గదిలో ఉన్నారు. వదిన ఇసుక మోసింది. మా మేనకోడలు ఇప్పుడు ఫోనులో నాతో అచ్చం అక్కడి పిల్లల్లా మాట్లాడుతుంది, ఏటి అంటే నవ్వుతుంది. ఇక ఆ షెడ్డులో, మొన్న బస్సులోంచి చూశాను, చింతపండు బస్తాలు వేశారు.

ఇంత తెలిసీ ఈరోజు పొద్దున్న పాపని చంకనేసుకుని ఆటో వాళ్లు చెప్పిన ఆఫీసుకి వెళ్లాను. మెట్ల దగ్గర బుద్ధి వద్దంది, కాళ్లు వినలేదు. అద్దాల తలుపు, ఏసీ, కంప్యూటరు ముందు చక్కటి అమ్మాయి. ఈసారి బట్టలు కాదు, ఫోను భాగాలు బిగించే పనట. ఉద్యోగం ఎక్కడని అడిగాను. "హోసూరు మేడమ్" అంది వెంటనే. మళ్లీ తమిళనాడే. జిల్లాలో ఏమీ లేదా అన్నాను. "ఇక్కడేముంటాయి మేడమ్?" అని నావైపు జాలిగా చూసి, పాప బుగ్గ పుణికి, పిల్లలున్నవాళ్లకి కొంచెం కష్టమే అంది.

బయటికొచ్చి మా ఆయనకి ఫోను చేసి, హైదరాబాదులో ఇల్లు చూడమని చెప్పాను. వదిన వాళ్లకి దగ్గరలో దొరుకుతుందేమో కనుక్కోమన్నాను.

నేను మెట్లు దిగుతుంటే ఇంటర్ అయిన పిల్లలు కాబోలు, సంచులతో ఎక్కుతున్నారు. ఒకమ్మాయి రెండోదాన్ని, "రోజూ సాంబారేనంటే, మనన్నం ఎట్టరంట, ఉండగలవేటే?" అని అడుగుతోంది. అక్కడ భోజనం తప్ప వాళ్లకి ఇంకే సందేహమూ ఉన్నట్టు లేదు. పని దూరంగానే ఉంటుందని వాళ్లకి ముందే తెలుసు. కోపం కూడా లేదు. వాళ్ల వయసులో మేం రోజుకొకసారి ఫ్యాక్టరీ ఎప్పుడని అడిగి మాస్టారి ప్రాణం తీసేవాళ్లం, అతను అబద్ధమైనా చెప్పాల్సి వచ్చేది.