పెద్దన్నకు గురక ఉందని ఎవరు చెప్పాలి?

మా మినకామి డాక్టరమ్మ చూడటానికి జానెడు మనిషి. జేబులో బట్టలు కొలిచే టేపు ఉంటుంది. టోక్యోలో మా ఆసుపత్రి ఉన్న ర్యోగొకు వీధుల్లో సుమో మల్లులు ఎదురైతే అందరూ ముఖం చూస్తారు, ఈవిడ మెడ చూస్తుంది. ఆపరేషన్లకు మత్తిచ్చేది ఆవిడ. పక్కన నిలబడి పాతికేళ్లుగా తిట్లు తినే నర్సును నేను.

మత్తిచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోడు. గొంతులోకి గొట్టం వేసి మనమే ఇవ్వాలి. భారీ మనిషికి ఆ దారి దొరక్కపోతే రెండు మూడు నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. దొరుకుతుందో లేదో ముందే పసిగట్టడంలో మా డాక్టరమ్మకు మహా మొండితనం. లావు మెడ, గురక ఆ దారి మూసుకుపోతుందనడానికి గుర్తులు.

ఆ మే నెలలో తొగామినె అనే మల్లు వచ్చాడు. నూట డెబ్బై కిలోలు, ముప్పై ఒక్కేళ్లు, భుజంలో కండరం తెగింది. సొంత గది దక్కే హోదాకు ఎప్పుడూ ఎక్కలేదు గానీ వాళ్ల తాలింఖానాలో అందరికీ పెద్దన్న. డాక్టరమ్మ మెడ కొలిచింది, నలభై తొమ్మిది సెంటీమీటర్లు. నోరు తెరిచి నాలుక చాపమంటే కొండనాలుక మొదలు మాత్రమే కనిపించింది, అంటే దారి ఇరుకు.

"గురక వస్తుందా?" అని నేనడిగాను.

"లేదమ్మా. పదిమందిమి ఒకే గదిలో పడుకుంటాం. ఒక్కడూ అనలేదు."

కాగితంలో 'లేదు' అని రాసేశాను. డాక్టరమ్మ అది చూసి కళ్లద్దాలు పైకి తోసింది.

"పెద్దన్నతో 'నీకు గురకుంది' అనే తమ్ముడు ఎవడే ఈ ఊళ్లో? నువ్వు నాతో అంటావా?"

"మీకు రాదు కదండీ."

ఆవిడ డ్యూటీ గదిలో కునుకు తీస్తే కిటికీలు అదురుతాయి.

"చూశావా!" అంది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను వెంటేసుకుని తాలింఖానాకు నడిచింది. భోజనాలయ్యాక మల్లులంతా పడుకునే వేళ అది. వస్తాదు గారి భార్య తలుపు జరిపి మమ్మల్ని ఓ మూల కూర్చోబెట్టింది. పెద్దన్న వెల్లకిలా పడుకుని గురక మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ఛాతీ కదలడం లేదు. డాక్టరమ్మ గడియారం చూస్తోంది. ఇరవై సెకన్లు. ముప్పై. నేను లేవబోతే చెయ్యి పట్టి ఆపింది.

అప్పుడు పక్కనున్న నకాసాతో అనే తమ్ముడు, కళ్లు సగం కూడా తెరవకుండా, కాలు చాపి పెద్దన్న పరుపు అంచు ఎత్తి తోశాడు. కొండంత మనిషి పక్కకు ఒరిగాడు. పెద్ద ఊపిరి వచ్చింది. ఆ తమ్ముడు మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

లేచాక డాక్టరమ్మ నకాసాతోని వంటగదిలో నిలదీసింది.

"ఎన్నాళ్ల నుంచి ఇది?"

"ఆరేళ్లండీ. వంతులేసుకున్నాం. ఆ పట్టీ బియ్యం డబ్బా మూత వెనక అంటించాం."

"ఆయనకు చెప్పలేదేం?"

"అమ్మో, అన్నతోనా! చిన్నబుచ్చుకోడూ? అయినా మేమున్నాం కదండీ."

"రేపు నా బల్ల దగ్గర మీరుండరు నాయనా," అంది డాక్టరమ్మ. మెత్తగానే అంది.

సాయంత్రం పెద్దన్నకు సంగతి చెప్పి, మెలకువగా ఉండగానే గొట్టం వేస్తానంది. "మీరంటే సరేనండీ. కానీ గురకుంటే మావాళ్లు చెప్పేవాళ్లే," అన్నాడు.

పొద్దున సర్జన్ కాన్బారా గారు విసుక్కున్నారు. "నిద్రపుచ్చి వేసేయండి మేడమ్. నాకు ఇంకో కేసుంది."

"ఉండనివ్వండి," అందావిడ.

దుప్పట్లు పేర్చి, చెవి రొమ్ము ఎముక ఎత్తుకు వచ్చేదాకా పైకి లేపింది. తల వెనక సిగకు గుంట వదిలింది. గొంతు తిమ్మిరెక్కించి ముక్కులోంచి సన్నటి కెమెరా పంపింది. పెద్దన్న నా వేళ్లు పట్టుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ అంగుళం కదల్లేదు. తెరమీద గొంతు కండ రెండు వైపులా మూసుకుపోతోంది. "గట్టిగా పీల్చు బాబూ" అన్నప్పుడల్లా ఒక్క క్షణం దారి తెరుచుకుంటుంది. నాలుగో ఊపిరికి గొట్టం దిగింది. కాన్బారా గారు తెర దగ్గరే నిలబడిపోయారు. నిద్రపుచ్చి ఉంటే ఆ పీల్చే ఊపిరి ఉండేది కాదు.

మర్నాడు తమ్ముళ్లు తొమ్మిదిమందీ చూడటానికి వచ్చారు. డాక్టరమ్మ నకాసాతోని ముందుకు తోసింది. "నువ్వే చెప్పు. ఇంటికెళ్లాక ఆయన ఊపిరి ఆగకుండా గాలి కొట్టే మిషన్ పెట్టుకుని పడుకోవాలి. నేను చెబితే నమ్మడం లేదు."

అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. "క్షమించన్నా."

"ఆరేళ్లు... రోజూనా?"

"మధ్యాహ్నం కునుక్కి కూడా అన్నా."

పెద్దన్న ముఖం ఎర్రబడింది. ఇక అరుస్తాడనుకున్నాను. కట్టు కట్టిన భుజంతోనే మంచం దిగి, వస్తాదుకైనా అంత వంగడేమో, వాళ్ల ముందు తల వంచాడు.

తొమ్మిదిమందీ బెంబేలెత్తి వార్డు నేలమీద బోర్లా పడ్డారు. పెద్దన్న తలకంటే తమ తల కిందికి ఉండాలి కదా. ఆయన వంచిన తల ఎత్తడు, వాళ్లూ ఎత్తరు. కుట్లు తెగుతాయని డాక్టరమ్మ అరవాల్సిన చోటు అది. ఆవిడ అరవలేదు.