మేనత్త కూర్చున్న వైపు

స్కానింగు గదిలోకి రాగానే ఫిపే చేసే మొదటి పని, జెల్లు సీసాను చంకలో ఇరికించుకుని వెచ్చబెట్టడం. చిరాకేస్తే పళ్ళ మధ్య చర్చి పాట నములుతుంది. ఇవాళ ఆ పాట ఆగడం లేదు. సియాలే కడుపులోని బిడ్డకు కంటి మూలన బొడిపె ఒకటి లీలగా కనిపిస్తోంది. కన్నీటి తిత్తిలో నిలిచిన నీరైతే పుట్టాక దానంతటదే పోవచ్చు. నెత్తురు పారే గడ్డయితే కాన్పుకు ఆక్లండ్ పెద్దాసుపత్రికి పంపాలి. ఏదో తేల్చుకుందామంటే బిడ్డేమో మొహం తల్లి వెన్నుకేసి అదిమి పెట్టుకుంది. "ఎడమకు ఒత్తిగిల్లమ్మా," అని వచ్చినప్పుడల్లా ఫిపే అడగడమే, "ఇలాగే బాగుందక్కా," అని సియాలే కర్రలా పడుకోవడమే. కుడి పక్కన ఆడపడుచు లవినియా కూర్చుని ఉంటుంది మరి. టోంగాలో బిడ్డకు మేనత్తను మించిన పెద్ద లేదు. అంతటి మనిషికి వీపు చూపించడమా? ఆవిణ్ణి లేవమనడానికి ఫిపేకూ నోరు రాదు, ఆమె పుట్టిందీ ఆ నేల మీదే కదా.

చివరికి ఫిపే తెర మీది బిడ్డతోనే అంది: "ఒరే దొరా, మీ అత్త ఇటొచ్చి కూర్చుంటేనైనా మొహం చూపిస్తావా?"

లవినియా ఫక్కున నవ్వింది. "ఆ ముక్క నాతోనే అనొచ్చుగా, పిల్లా!" అంటూ కుర్చీ ఈడ్చుకుని ఎడమవైపుకొచ్చింది. సియాలే ఒత్తిగిలింది. కాసేపటికి బిడ్డా తిరిగింది. తెర మీద బొడిపె నిండా, నెత్తురు కదిలే చోట వెలిగే ఎరుపూ నీలమూ మిణుకుమన్నాయి.

"నీరు కాదమ్మా, నెత్తురే పారుతోంది. ఆక్లండ్ వెళ్ళాల్సిందే."

"పోయిన నెలే తెలిసేదా ఇది?" అంది లవినియా, నవ్వు మాని.

"తెలిసేది."

"నా మర్యాద కోసమా ఇన్నాళ్ళూ ఆగారు?"

అవుననడం కూడా అమర్యాదే. ఇద్దరూ తలలు వంచుకున్నారు.