త్రో-ఇన్ నుంచి పడ్డ గోల్

మా ఆయన కాజాలు కుడతాడు. చొక్కాలు కత్తిరించేదీ కుట్టేదీ నేను, కాజాలూ గుండీలూ ఆయనవి. ఎక్కడికెళ్ళినా వరుసలో చివర నిలబడే మనిషి. బస్సొస్తే అందరూ ఎక్కాక ఎక్కుతాడు, ఒక్కోసారి ఈయన్ని వదిలేసి బస్సే వెళ్ళిపోతుంది. ఇదేం చోద్యమయ్యా అంటే, "తొందరపడితే ఏమైందో తెలుసుగా" అంటాడు. తెలియకేం! వీధి వీధంతా చాటింది నేనే కదా.

పదహారేళ్ళ క్రితం ఈయన ఫుట్‌బాల్ ఆడేవాడు. మిల్లు జట్టులోకి ఒక్కరినే తీసుకుంటామన్నారు, దాంతోపాటే మిల్లులో ఉద్యోగం. ఎంపిక మ్యాచ్ ఆఖరి నిమిషంలో ఈయన గోల్ కొట్టాడు. గీత పక్కనున్న లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అని, అంటే తొందరపడి ముందే చొరబడ్డాడని, జెండా ఎత్తాడు. గోల్ పోయింది, ఉద్యోగమూ పోయింది. ఆ జెండా ఎత్తింది ఎవరో కాదు, నా సొంత తమ్ముడు! బావ అని కూడా చూడలేదని అందరూ వాడిని మెచ్చుకున్నారు. వాడు మాత్రం మళ్ళీ జెండా ముట్టలేదు. నేనూ తమ్ముణ్ణే వెనకేసుకొచ్చి, మా ఆయన్ని తొందరపాటు మనిషని దెప్పుతూనే ఉన్నాను.

మొన్న మా అమ్మాయి స్కూలు జట్టులో చేరింది. "మావయ్యా, ఈ ఆఫ్‌సైడ్ నా బుర్రకెక్కట్లేదు" అంది. తమ్ముడు నా కత్తిరింపు బల్ల మీద సుద్దతో గీతలు గీసి గుండీలు పేర్చాడు.

"ఈ తెల్లగుండీ నువ్వు. నీవాళ్ళు నీకు బంతి తన్నే క్షణం చూడాలి, నీకు అందే క్షణం కాదు. అప్పటికి నువ్వు అవతలివాళ్ళ సగంలో ఉండి, బంతి కంటే ముందుండి, వాళ్ళలో చివరి నుంచి రెండో మనిషిని కూడా దాటేసి ఉన్నావనుకో, అది ఆఫ్‌సైడ్."

"చివరి మనిషంటే గోల్‌కీపరా?"

"మామూలుగా అంతే. అంటే కీపర్ కాక ఇంకొకడైనా నీ ముందుండాలి. వాడితో సమానంగా ఉన్నా పర్లేదు."

"ఊరికే నిలబడినా తప్పేనా?"

"నిలబడితే కాదు. అక్కణ్ణుంచి ఆటలో వేలు పెడితేనే తప్పు."

"ఓస్, ఇంతేనా!" అన్నాను నేను. "గోలు దగ్గర కాపు కాసుక్కూర్చోకుండా పెట్టారన్నమాట."

అమ్మాయి స్కూల్లో ఇచ్చిన పుస్తకం తిప్పుతోంది. "మరి మావయ్యా, గోల్ కిక్, కార్నర్, త్రో-ఇన్ నుంచి నేరుగా బంతి అందితే ఆఫ్‌సైడ్ లేదని రాశారేంటి?"

"త్రో-ఇన్ అంటే ఏంటే?" అన్నాను.

"పక్క గీత దాటి బయటికెళ్ళిన బంతిని చేతులతో లోపలికి విసరడం అమ్మా."

తమ్ముడు పుస్తకం లాక్కున్నాడు. రెండుసార్లు చదివాడు.

"అక్కా, ఆ రోజు బావకి బంతి చేతులతోనే విసిరారు."

"ఏంట్రా నువ్వనేది?"

"ఈ ముక్క నాకు తెలీదక్కా. జెండా పట్టడం అదే మొదలు. రిఫరీకీ నాకన్నా ఎక్కువేం తెలీదు, నా జెండా చూసి ఈల ఊదేశాడు."

అయ్యో! అయ్యయ్యో! పదహారేళ్ళు!

మూల స్టూలు మీద మా ఆయన చేతిలో సూది ఆగిపోయింది. తమ్ముడు వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బావా, నన్ను కొట్టు."

ఆయన వాడివైపు చూడలేదు. నావైపు చూశాడు.

"ఏమే, విన్నావా? నేను తొందరపడలేదట."

వీధంతా చాటిన నోరు నాది. ఈసారి నిజం చాటడానికి చెప్పులేసుకుని వీధిలోకి బయల్దేరాను.