వెనక్కి తిప్పని కారు

మైలవరం రోడ్డు మీద వడ్లు ఆరబోసేవాళ్లు సగం రోడ్డు తీసుకుంటే తీసుకున్నారు, చుట్టూ హద్దుగా పెట్టే రాళ్లకు కాస్త సున్నం పూయొచ్చు కదా అన్నది నా చిన్న ఫిర్యాదు.

నా కాలేజీ మైలవరంలో, ఇల్లు గుణదలలో. పాతికేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నవాడికి రాయికీ మనిషికీ తేడా తెలియదా అంటే, తెలుసు. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ నుంచి బయల్దేరేదాకా తెలుసు. ఆ తర్వాత కారు ఎడమ చక్రం ఏ రాయో ఎక్కి దిగేది. మనిషేమో అనిపించేది. అక్కడితో ఆగినా బాగుండేది. అద్దంలోకి చూస్తే రోడ్డు పక్కన ఒక చెయ్యి కనిపించేది, చొక్కా మడతతో సహా. వెనక్కి తిప్పుకుని వెళ్తే అది వడ్ల మీద కప్పే బరకం, చుట్టి పెట్టి ఉండేది.

అక్కడ నులక మంచం మీద కునుకు తీస్తూ వడ్లకు కాపలా కాసే పెద్దాయన నా హారన్‌కు లేచి, "ఎవరూ పోలేదు మాస్టారూ, వెళ్లిరండి" అనేవారు. కిలోమీటరు వెళ్లాక, నా మనసు నొప్పించడం ఇష్టం లేక అలా అన్నారేమోనని మళ్లీ వెళ్లేవాణ్ణి.

చివరికి వెళ్లి చూపించుకుంటే, ఆలోచన వస్తే రానివ్వండి, కారు మాత్రం తిప్పకండి అన్నారు డాక్టరు గారు. మా ఆవిడ వైద్యం ఇంకా సూటి. ఒక్క రోజైనా తిప్పకుండా ఇంటికొచ్చేదాకా ఆ కారెక్కనంది. ఆ నెలలో రెండు పెళ్లిళ్లకు ఆవిడ బస్సులో, నేను కారులో వెళ్లాం. పక్క సీట్లో నా టిఫిన్ బాక్సు కూర్చునేది.

మొన్న గురువారం చక్రం రాయెక్కింది. అద్దంలో చెయ్యి కనిపించింది, ఈసారి వాచీ కూడా పెట్టుకుంది. ఆ చేతిని అద్దంలోనే ఉండనిచ్చాను. ఇబ్రహీంపట్నం థర్మల్ గొట్టాలు వెనకబడ్డాయి. గొల్లపూడి వచ్చింది. గుణదలలో ఇంటి ముందు ఇంజిన్ ఆపాను. నాకు రెండు డిగ్రీలున్నాయి. ఏదీ ఇంత కష్టపడి తెచ్చుకోలేదు.

మా ఆవిడ గుమ్మంలోనే గడియారం చూసింది.

"తిప్పలేదా?"

"తిప్పలేదు."

మర్నాడు పొద్దున ఆవిడ నాకంటే ముందు వెళ్లి, టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని ఆ సీట్లో కూర్చుంది. కాలేజీ దాకా వస్తానంది.

అంత గొప్ప ఒక్కడినే మోయలేక, దారిలో మంచం దగ్గర ఆపి, నిన్న వెనక్కి రాలేదు గమనించారా అని పెద్దాయనను అడిగాను. నాకు తగ్గిందని కూడా చెప్పాను. ఆయన మా ఆవిడకు నమస్కారం పెట్టి, నా వైపు తిరిగారు.

"మీకు తగ్గితే తగ్గింది గాని మాస్టారూ, నిన్న లేపేవాళ్లు లేక నా వడ్లు గేదెలు మేసిపోయినయ్."