కుక్కపిల్ల బొడ్డుకు ట్యూబు పట్టీ

నేను కుక్కపిల్లకు వైద్యం చేసిన సంగతి బాన్సువాడలో నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. నాలుగూ అబద్ధాలే. నిజం వాటికన్నా ఘోరం. పోయే పరువు నా చేతుల మీదుగానే పోనీ అని నేనే రాస్తున్నాను.

డెబ్భైల నాటి మాట. బస్టాండు ఎదురుగా నాకు సైకిల్ షాపుండేది. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీదే. వాటితో చిక్కేమిటంటే, రోగం పేరు చెప్పి మందు దగ్గరికి వచ్చేసరికి కాగితం చిరిగిపోయి ఉంటుంది. మిగతాది నేనే ఊహించుకునేవాణ్ణి. ఆ లెక్కన నాకు తెలియని రోగం జిల్లాలోనే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం సోమ్లీబాయి జుక్కల్ బస్సు దిగింది. దగ్గరి తండాలో మేకలు కాసుకునే మనిషి. ఆ నెలలోనే రెండు మేకపిల్లల్ని తోడేలు ఎత్తుకుపోయిందట. మిగిలిన మేకలన్నా దక్కాలని, జుక్కల్ అవతల గొర్రెలకాపరుల కాళ్లావేళ్లా పడి, మందకు కాపలా ఉండే జాతి కుక్కపిల్లను గంపలో పెట్టుకుని తెచ్చుకుంటోంది. దానికి తాగడానికి నీళ్లడిగింది.

నీళ్లిచ్చి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పిల్లను వెల్లకిలా తిప్పి చూశాను. బొడ్డు దగ్గర ఉసిరికాయంత ఉబ్బు. వేలితో ఒత్తితే లోపలికి పోయింది, వేలు తీస్తే బయటికొచ్చింది. నా ఒళ్లు పులకరించింది. టైరు చిరిగిన చోట లోపలి ట్యూబు ఉబ్బి బయటికి రాదూ? అచ్చం అదే! (నవ్వకండి. రోగం నేను సరిగ్గానే పట్టాను. అక్కడిదాకా నన్ను మెచ్చుకుని తీరాల్సిందే.)

“అక్కా, దీని టైరుకు బొక్క పడ్డది. లోపలిది బయటికొస్తుంది,” అన్నాను.

సోమ్లీబాయి కంగారు పడలేదు. “ఎరుకే అన్న. దీని తల్లికి గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండెనంట. పెద్దగైతుంటె అదే పూడుకున్నదంట. మెత్తగున్నన్ని దినాలు ఫికర్ లేదు.”

మేకలు కాసే మనిషి నాకు వైద్యం చెప్పడమా అని మండింది. పాత ట్యూబులోంచి బెత్తెడు వెడల్పు పట్టీ కోశాను. ఉబ్బు మీద గుండ్రంగా కోసిన టైరు ముక్క పెట్టి, పొట్ట చుట్టూ పట్టీ లాగి బిగించి, సొల్యూషన్ రాసి అతికించేశాను. బిగువైతుందేమో అని ఆమె రెండుసార్లు అంది. అతికించడం గురించి నాకే చెప్తావా అని నేను ఒక్కసారే అన్నాను, కానీ బస్సు కోసం నిలబడ్డ వాళ్లందరికీ వినబడేలా అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె నడుచుకుంటూ వచ్చి గంప నా ముందు దించింది. పిల్ల సన్నగా మూలుగుతోంది. పాలు పోస్తే కక్కేస్తోందట. పట్టీకి అటు కొంత పొట్ట, ఇటు కొంత పొట్ట, నడుమ తాడు బిగించిన బియ్యం మూటలా ఉంది. నా అతుకు మామూలు అతుకా, ఊడదు. కత్తి పెడితే ఎక్కడ పొట్ట తెగుతుందోనని ఆమె ముట్టుకోలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. “తోడేలుకు భయపడి దీన్ని తెచ్చుకున్న. నీకు గూడ భయపడాలని ఎరుకలేకపాయె,” అంది.

ఇద్దరం పశువుల దవాఖానకు పరుగెత్తాం. అక్కడి డాక్టరుకు నా టైరు సిద్ధాంతమంతా విడమరిచి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

“టైరు చిరిగితే ముక్క యాడ పెడ్తవు?”

“లోపల పెడ్తం సార్.”

“మరి దీనికి బయట పెట్టినవేంది?”

నా వైద్య వృత్తి అక్కడితో సమాప్తం.

సోమ్లీబాయి పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని ఏదో లంబాడీలో గొణుగుతూ ఉంటే, అది కదలకుండా పడుకుంది. డాక్టరు కత్తెరతో పట్టీని కొంచెం కొంచెంగా కత్తిరించాడు. చివరి ముక్క నేను లాగుతానన్నాను. ఎవరూ అడగలేదు. వెంట్రుకలతో సహా లాగాను. పిల్ల నా బొటనవేలును నాలుగు పళ్లతో పట్టుకుంది.

డాక్టరు ఉబ్బును ఒత్తి చూశాడు. మెత్తగా లోపలికి జారింది. ఇంకొక్క రోజు ఆ పట్టీ ఉంటే పిల్ల దక్కేది కాదన్నాడు. “ఈమె చెప్పిందే నిజం. చిన్న బొక్క అయితే చానా పిల్లలకు ఆరు నెలల్ల అదే పూడుకుంటది. గట్టిపడితేనో, ముట్టుకుంటె అరిస్తేనో ఆపరేషన్. పట్టీలు మాత్రం కట్టొద్దు,” అని ఆమెకు కుర్చీ వేయించాడు. నాకు మాత్రం మనుషుల దవాఖానకు దారి చూపించాడు.

ఎందుకంటే ఆ రోజుల్లో ఏ కుక్క కరిచినా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఐదో సూదికే నా పొట్ట మీద నిమ్మకాయంత ఉబ్బు లేచింది. చొక్కా ఎత్తిపట్టుకుని, వంగలేక, నిలబడే పంక్చర్లు వేస్తుంటే సోమ్లీబాయి వచ్చింది. పిల్ల ఆ సాయంత్రం నుంచే పాలు తాగుతోందట, మేకల వెంట తిరుగుతోందట. చెప్పి, నా బొడ్డు వంక జాలిగా చూసింది.

“దానికి నయమైంది అన్న. మరి నీది ఎన్ని దినాలకు పూడుకుంటదంట?”

ఆ కుక్క ఆరు నెలల్లో పులిలా తయారైంది. ఉబ్బు జాడే లేదు. ఆ తర్వాత సోమ్లీబాయి మందలో ఒక్క మేకపిల్లా పోలేదు. అంత తెలివిగల మనిషిని నేను మళ్లీ చూడలేదు. చూస్తే మాత్రం, ఈసారి నోరు మూసుకుని వింటాను. బాన్సువాడ బస్టాండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గాలి కొట్టడానికి వాల్వు లేని ఏ ప్రాణినీ ఈ జన్మలో బాగుచేయను.