ఎండబెట్టాల్సిన మడులు

వేరుశనగలో నీళ్లందని బెట్టను ఏ రకం తట్టుకుంటుందో చూడటం నా ఉద్యోగం. పూత దశలో నీళ్లు ఆపేయాలి. మొక్కలు వాడిపోవాలి. వాటిలో ఏవి నిలబడతాయో చూడాలి. ఇంత సులువైన పనిని ఆలూరు దగ్గర ఒకావిడ నన్ను రెండేళ్లు చేయనివ్వలేదు.

చేను ఆమెదీ ఆమె భర్తదీ. వానల బెడద ఉండదని వేసవిలో అందులో కొంత కౌలుకు తీసుకుని విత్తాను. నీళ్లు ఆపిన కొన్నాళ్లకు వెళ్తే మడులన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. నా రకాలు అద్భుతం చేశాయని పొంగిపోయి వంగి చూస్తే మట్టి తడిగా ఉంది.

"నీళ్లు పెట్టావా అమ్మా?"

"కండ్ల ముందర చెట్లు ఎండిపోతాంటే ఎట్ల చూచేదప్పా? బోరులో నీళ్లుండాయి కదా."

"ఎండాలనే కదమ్మా వేసింది!"

"ఎండబెట్టేదానికి ఇత్తనం ఎందుకేస్తివి?"

తల పట్టుకున్నాను. ఆ ఏడు పోయింది.

మరుసటి ఏడు మోటరు జోలికి పోనని మాటిచ్చింది, నిలబెట్టుకుంది. ఆకులు ముడుచుకోవడం మొదలైంది. అంతలో ఆదివారం సాయంత్రం కుండపోతగా వాన. మర్నాడు కర్నూలు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె భర్త గట్టు మీద నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "నిన్న పొద్దున చర్చిలో మీ మడుల కోసం ప్రార్థన చేయించింది సార్."

ఆమె మాత్రం నవ్వలేదు. "నీళ్లు పెట్టొద్దంటివి, పెట్టలేదు. దేవున్ని అడగొద్దని చెప్పలేదు కదప్పా."

"కరువుకు పేరుపడ్డ ఆలూరులో కూడా పంట ఎండబెట్టలేకపోయావా?" అన్నాడు మా పైఅధికారి.

మూడో ఏడు నీళ్లు ఆపే రోజు ఆమె సంచి సర్దుకుంది. "నేనీడుంటే నీ పని కాదు. కడపకు, మా చెల్లెలింటికి పోతాండా." ఆమె వెళ్లాక మడులు నిజంగానే ఎండాయి. రెండు రకాలు మాత్రం నిలబడ్డాయి.

కాయ పీకే వేళకు తిరిగొచ్చింది. పచ్చటి మడులు చూపించాలని నా ఆత్రం. ఆమె వాటిని దాటుకుపోయి, మాడిపోయిన మడి పక్కన కూర్చుని, ఒక మొక్క పీకి మట్టి దులిపింది.

"ఇన్ని నీళ్లు పోసింటే ఇయ్యి కూడా బతికేటియే కదప్పా."

నాకు విసుగొచ్చింది. "బతికినవి అవిగో, అటు చూడమ్మా!" అన్నాను.

చూసింది. "ఆ ఇత్తనాలు మాకిస్తావా?"

"ఇప్పుడే కాదమ్మా. ఇంకా పరీక్షించాలి."

"ఇంకానా! ఇంకా ఎండబెడతావా?" అంటూ కొంగు దులుపుకుని లేచింది.