చిన్నమ్మ హాల్లో ఆగిపోయిన ఆకాశ యుద్ధం

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చుదామనుకుంటుంటే, మా మనవరాలు టీవీ ముందు కూర్చుని ఫోన్‌లో స్నేహితురాలితో పోట్లాడుతోంది. జపాన్ వాళ్ళ బొమ్మల సినిమా ఏదో నడుస్తోంది. తెర మీద నల్లని ఆకాశం, అందులో ఊళ్ళంతేసి ఓడలు, వాటి మధ్య పదంతస్తుల మేడ ఎత్తున ఇనుప మనుషులు. ఒక్కొక్కడి ఛాతీలో ఓ పిల్లో పిల్లాడో కూర్చుని వాడిని నడుపుతారట. ఆ యుద్ధం నిజంగా జరిగితే అలాగే జరుగుతుందా అన్నదే పోట్లాట. "ఓడలన్నీ ఒకే మట్టంలో వరసగా నిలబడ్డాయేమే? అదేమన్నా చెరువా? పైనుంచి రావచ్చు, కిందనుంచి రావచ్చు," అంటుంది ఇది. అవతలి పిల్ల ఏమందో గాని, "అసలు పేలితే చప్పుడెలా వస్తుంది? అక్కడ గాలేదీ?" అని అరిచింది. నేను కూడా ఊరుకోలేక, "ఆ ఇనుప మనిషికి కాళ్ళెందుకే? నడవడానికి నేల లేదుగా," అన్నాను. "కాళ్ళు లేకపోతే హీరోలా ఉండడు తాతయ్యా," అంది, ఆ ఒక్క సంగతిలో ఎవరికీ ఏ అనుమానమూ ఉండకూడదన్నట్టు. ఇక నాకు నిద్ర పట్టలేదు. చప్పుడు గురించిన ఆ ప్రశ్న నేనూ ఒకప్పుడు అడిగాను. నేనడిగింది సినిమా గురించి కాదు, పురాణం గురించి. అడిగి, ఒక ఇంటిని వారం రోజులు ఇబ్బంది పెట్టాను. నన్ను పెంచిన మనిషి నోరు మూయించాను.

అరవైల చివరి మాట. చంద్రుడి మీద మనుషులు రేపో మాపో దిగుతారని పేపర్లు రాస్తున్న రోజులు. మా పెదనాన్న రాయలసీమ నుంచి వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాడు. నేను ఆయన దగ్గరే ఉండి అక్కడే బీఎస్సీ చదువుతున్నాను. తార్నాక అప్పటికింకా ఊరూ కాదు, పట్నమూ కాదు. నాలుగిళ్ళు, తర్వాత ఒక బండరాళ్ళ గుట్ట, మళ్ళీ నాలుగిళ్ళు. ఆదివారం నాలుగింటికి ఎండ కాస్త తగ్గగానే పెదనాన్న ఉతికిన పంచె కట్టుకుని, వాన రాకపోయినా గొడుగు పట్టుకుని బయల్దేరేవాడు. పుస్తకం సంచీ నా భుజానికి ఉండేది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన ఇంటి ముందు హాల్లో పురాణం చదువుకునే మా సంఘం కూడేది. ఆయన భార్యను అందరం చిన్నమ్మ అనేవాళ్ళం. నల్లగొండ వైపు వ్యవసాయం ఇంటి ఆడపడుచు. ఆమె చేసే గుగ్గిళ్ళలో ఎండుమిరపకాయలు ఎంత ధారాళంగా పడేవంటే, ప్రసాదం తిన్నాక సగం మంది కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు అది భక్తి అనుకునేవాళ్ళు.

శ్లోకం చదవడం నా పని, అర్థం చెప్పడం పెదనాన్న పని. ఆ నెలలో నడుస్తున్నది ఆకాశ యుద్ధం. ఒక అసురుడికి ఎగిరే కోట ఉంది. దాని వెనక వేల రథాలు, వాటి ముందు కొండంత ఎత్తు రాక్షసులు. పెదనాన్న చెబుతుంటే హాలు పైకప్పు కనపడేది కాదు. అలాగని అక్కడి జనం నోరెత్తకుండా వినే రకమూ కాదు. రైల్వే ఆయనైతే ప్రతి వారం ఒక అడ్డు ప్రశ్న వేసేవాడు. "సారూ, గన్ని రథాలు ఎదురెదురుంగ వస్తే తప్పుకునేతందుకు లైను ఏడున్నది? సిగ్నల్ ఎవరిస్తుండు?" అని ఒకసారి అడిగాడు. విరిగిన రథాలు ఎక్కడ పడ్డాయి, కింద పొలాలున్నవాళ్ళ గతేమిటి అని ఇంకొకరు అడిగారు. పెదనాన్నకు ఇవి సరదా. సారథులకు గుర్రం చెవులే సిగ్నలనీ, విరిగినవన్నీ సముద్రంలో పడ్డాయనీ చెప్పేవాడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ వారమే మాకు క్లాసులో ఒక ప్రయోగం చూపించారు. పెద్ద గాజు మూత కింద కరెంటు గంట పెట్టి, పంపుతో లోపలి గాలి తోడేస్తే, గంట కొడుతున్నట్టు కనపడుతుంది గాని మోత వినపడదు. భూమిని దాటి పైకి పోతే అంతా ఇలాగే ఉంటుందని మా లెక్చరర్ అన్నాడు. ఆరోజు నుంచి సాయంత్రం జపానికి కూర్చుంటే నాకు మనసు నిలవలేదు. ఆదివారం సరిగ్గా స్వామి శంఖం పూరించే చోటికి వచ్చాం. ఆ ధ్వనికి అసురసేన గుండెలదిరాయని శ్లోకం. చదివి ఆగిపోయాను. ఎగతాళికి కాదు, నిజం చెబుతున్నాను, తాళం చెవి ఆయన దగ్గరే ఉందన్న నమ్మకంతో అడిగాను. "పెదనాన్నా, అంత పైన గాలి ఉండదు కదా. శంఖం ఎట్లా వినపడింది?"

ఆయన నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "గాలి లేకుంటే వినపడదని ఎవరు చెప్పిరి?" అన్నాడు.

"మా లెక్చరర్. చూపించాడు కూడా."

"చూపించినాడా?" నవ్వు పోయింది. "చూపించినాడంటే నేను గూడా చూడల్ల. చూడకుండా దీనికి అర్థం చెప్పలేను," అని లేచి, గొడుగు కూడా మరిచిపోయి, బయటికి నడిచాడు.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. యుద్ధం చదవడం మొదలుపెడితే గెలుపు దాకా చదివే పుస్తకం మూయాలి. మధ్యలో ఆపాల్సి వస్తే పుస్తకం పీఠం మీద తెరిచే ఉండాలి, పక్కన దీపం కొండెక్కకూడదు, ఆ గదిలో కాళ్ళు చాపకూడదు, చీపురు పెట్టకూడదు. జ్వరం వచ్చినా గొంతు పోయినా పెదనాన్న ఆ ఇబ్బంది ఎవరికీ రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు స్వామి శంఖం నోటి దగ్గర పెట్టుకుని చిన్నమ్మ హాల్లో నిలబడిపోయాడు.

మర్నాడు గొడుగు తేవడానికి వెళ్ళాను. రైల్వే ఆయన పరుపు వరండాలోకి వచ్చేసింది. ఇంట్లో అందరూ గుసగుసలాడుతున్నారు. చిన్నమ్మ చేతిలో చీపురు పట్టుకుని గడప దగ్గర ఆగిపోయి ఉంది.

"ఏం సదువు సదువుతున్నవ్ ర కొడుకా," అంది నన్ను చూసి. "దేవుడు లడాయి నడిమిట్ల నా ఇంట్ల నిలబడె. నేను ఊడ్వాల్నా, వద్దా? దీపంల నూనె పోసుడుకు రాత్రి రెండుసార్లు లేస్తున్న."

"పెదనాన్న వస్తాడు చిన్నమ్మా."

"రాకుంటె? పెద్దమనుషులు ఏమంటున్నరో ఎరుకేనా? వచ్చే ఐతారం మీ పెదనాయిన వచ్చి లడాయి ఒడ్వగొట్టి పుస్తకం మూయకుంటె అంబర్‌పేట నుంచి ఇంకో సారును పిలుస్తరట. ఇగ ఈనెకు సెలవేనట."

పెదనాన్నకు పిల్లలు లేరు, పెద్దమ్మ పోయి ఏళ్ళయింది, ఆఫీసులో ఆయన ఉన్నాడని ఫైళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా మాత్రమే ఆయన పూర్తిగా బతికి ఉండేవాడు. ఆ రెండు గంటలు నేను తీసేశాను. ఇంట్లో ఆయన మామూలుగానే వండాడు, వడ్డించాడు, పారాయణకు కూర్చున్నాడు. పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. నమ్మకం పోయిందేమోనని నాకు భయం. పోతే నాదేమవుతుంది అన్నది అంతకన్నా పెద్ద భయం. ఏది కోరుకోవాలో కూడా తెలియలేదు. లెక్చరర్ చెప్పింది తప్పవ్వాలని ప్రార్థించబోయి, చదువుకునేవాడు ఇలా ప్రార్థించవచ్చా అని మధ్యలో ఆగిపోయేవాణ్ణి.

మా ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ కూడా సంఘానికి వచ్చేవాడు. యూనివర్సిటీని ఆనుకున్న మాణికేశ్వర్ నగర్ బస్తీ మనిషి. హాల్లో ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేవాడు. దారి చూపించింది ఆయనే. "గింతదానికి పరేషానెందుకు? శనివారం సారును తోల్కరా. లెక్చరర్ సారును నేను అడుగుత. మనమే చూపిద్దం," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం పెదనాన్న ఆదివారం పంచె కట్టుకుని వచ్చాడు. స్పిరిటు వాసన వేస్తున్న ల్యాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయాడు.

"వేసుకోండి సారూ, గీడ యాసిడ్ పడి ఉంటది. కాళ్ళు కాలుతయ్," అన్నాడు అటెండర్.

"పర్వాలేదప్పా. నిజం చూపించే జాగా ఏదైనా ఒకటే," అని ఉత్త కాళ్ళతోనే లోపలికి వచ్చాడు.

అటెండర్ గంట ఆన్ చేసి గాజు మూత బోర్లించాడు. గది ఖంగుమంది. పంపు తిప్పడం మొదలుపెట్టాడు. మోత పక్కగదిలోకి పోయింది, తర్వాత రోడ్డు మీదికి పోయింది, తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు. సుత్తి మాత్రం కొడుతూనే ఉంది. పెదనాన్న గాజుకు ముక్కు తగిలేంత దగ్గరికి వంగాడు.

"కొడతా ఉండాదా?"

"కొడ్తనే ఉన్నది సారూ. కనబడ్తలేదా?"

"కనబడతాది. మళ్ళా గాలి ఇడువు."

గాలి వదిలితే మోత వచ్చింది. తోడితే పోయింది. మూడుసార్లు చేయించాడు. మూడోసారి ఉన్నట్టుండి ఒంగి బల్లకు చెవి ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. చెక్కలోంచి చీమ నడిచినంత టికటిక. నాకు ప్రాణం లేచొచ్చింది. అటెండర్ కూడా విన్నాడు, మొహం వెలిగిపోయింది. "ఇగ ఏంది సారూ, దొరికె! గాడ గూడ గీ బల్ల తీరు ఏదో ఒకటి ఉండొచ్చు. దాంట్లెకెళ్ళి శంఖం ఇనొచ్చింది. రేపు గదే చెప్పుండ్రి."

పెదనాన్న లేచి పంచె దులుపుకున్నాడు. "వద్దప్పా. అది పుస్తకంలో లేదు, మీ ల్యాబ్‌లో లేదు. నా సీటు కాపాడుకునేదానికి నేను అల్లినట్టు అవుతాది."

క్యాంపస్ రోడ్డు మీదుగా ఇద్దరం ఇంటి దారి పట్టాం. "నేను అడగకుండా ఉండాల్సింది," అన్నాను.

"నువ్వు అడగకుంటే, రేపు గూడా వినపడిందని చెప్పి ఇంటికొచ్చి అన్నం తిని పండుకుందును."

"మరి రేపు ఏం చెప్తారు?"

"తెలీదురా," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

మర్నాడు చిన్నమ్మ హాలు ఎప్పుడూ లేనంతగా నిండింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా కిటికీల దగ్గర నిలబడ్డారు. పెదనాన్న వచ్చి కూర్చుని ఆగిన శ్లోకమే చదవమన్నాడు. చదివాను. ఆయన చేతులు జోడించి అన్నాడు, "శంఖం వినపడిందని ఇక్కడ రాసి ఉండాది. నేను నమ్ముతా. గాలి లేని చోట మోత పుట్టదని నిన్న నా కండ్లతో చూస్తి. అది గూడా నమ్ముతా. ఈ రెండూ ఎట్లా కుదురుతాయో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్తే దేవుని ముందర అబద్ధమాడినట్టు అవుతాది."

గోడవారగా కూర్చున్న పెద్దాయన ఒకరు కండువా దులుపుకుని లేచిపోయారు. ఆయన వెనక మరో నలుగురు లేచారు. గడప దాటుతూ ఆ పెద్దాయన, "తెలీనప్పుడు పీఠం ఎందుకెక్కాలి?" అన్నారు, అందరికీ వినపడేలా. పెదనాన్న తల వంచుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి చిన్నమ్మ, "మంచిదన్నా. తెల్వకుంటె తెల్వదు, ఏమాయె?" అంది. "మాకు తెలిసి వస్తున్నమా ఈడికి? గని లడాయి అయితె ఒడ్వగొట్టు. నేను ఇల్లు కడుక్కోవాలె." హాలంతా నవ్వింది. రైల్వే ఆయన, "సిగ్నల్ పడ్డది సారూ, ఇగ పోనియ్యుండ్రి," అన్నాడు. పెదనాన్న మొదలుపెట్టాడు.

అంత బాగా ఆయన యుద్ధం చెప్పడం నేను మళ్ళీ వినలేదు. కోట కూలింది, రథాలు సముద్రంలో పడ్డాయి, స్వామి విల్లు దించాడు. అక్కడికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆయన కంఠం బొంగురుపోయింది, కన్నీళ్ళు కారాయి. అప్పటికింకా గుగ్గిళ్ళు పంచలేదు. నాకు మాత్రం ముందుకన్నా ఎక్కువ అయోమయంగా ఉంది. నిన్న గాజుకు ముక్కు ఆనించి చూసిన మనిషీ, ఇవాళ ఏడుస్తున్న మనిషీ ఒకరేనా? ఆ ఇద్దరినీ ఆయన లోపల ఎట్లా ఉంచుకున్నాడో, కొట్లాడుకోకుండా వాళ్ళు ఎట్లా ఉన్నారో నాకు అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పట్టలేదు.

లేచిపోయిన ఐదుగురూ మళ్ళీ రాలేదు. వాళ్ళు వేరే చోట అంబర్‌పేట ఆయనను పెట్టుకున్నారు. ఆయన దేనికైనా జవాబు చెప్పేవాడని అందరూ మెచ్చుకునేవారు. పెదనాన్న చిన్నమ్మ హాల్లోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన వ్యాఖ్యానంలో నెలకోసారైనా "ఇది నాకు తెలీదు" అనే చోటు ఒకటి వచ్చేది. మొదట్లో జనం ఇబ్బందిగా కదిలేవారు. పోను పోను ఆ మాట కోసం చూసేవారు కూడా.

ఆయన పోయాక సంఘంలో అర్థం చెప్పే పని నాకు వచ్చింది. కుర్రవాళ్ళు ఆకాశ యుద్ధం గురించి అడిగినప్పుడల్లా సూక్ష్మ ధ్వని అనీ, మనసుతో వినడమనీ ఏదో ఒకటి చక్కగా అల్లి చెప్పేవాణ్ణి. వాళ్ళు తలలూపేవారు. "నాకు తెలీదు" అన్న ఆ ఒక్క మాట అనడానికి పెదనాన్నకు వారం రోజులు పట్టింది. అదే మాట నేను సంఘంలో పైకి అనేసరికి జుట్టంతా నెరిసింది. మధ్యలో గడిచిన కాలమంతా తెలిసినట్టు మాట్లాడడానికే సరిపోయింది.